వీపు కొలత

ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ బందులు మొదలయ్యేనాటికి రెబెక్క చేతిలో ఉన్నదల్లా దిల్‌సుఖ్‌నగర్‌లో విజయవాడ రోడ్డు పక్కన ఒక రేకుల కొట్టు, దాని నిండా గొలుసు కప్పీలూ ఇనప ముక్కాలీలూ తాళ్లూ. బావుల్లో దిగుతాడని కొత్తపేట నుంచి మన్సూరాబాద్ దాకా పేరున్న మొగుడు. ఆ పేరుకు బేరం కుదిర్చే తన నోరు. ఇంకొకటి కూడా ఉంది గానీ దాన్ని ఆమె సరుకుల్లో చేర్చుకోలేదు. చిన్నప్పుడు చౌటుప్పల్ అవతల తమ వాడ బావిలో, ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకుని నేర్చిన ఈత. పెళ్లయ్యాక అది అమ్ముడుపోని సరుకులా వెనక అరలోకి జరిగింది. అలాంటి సరుకును ఏ కొట్టువాళ్లూ వాడరు, పారేయడానికీ చేతులు రావు. కొట్టు బోర్డు మీద ‘దానియేలు అండ్ బ్రదర్స్’ అని ఉండేది. ఆ అన్నదమ్ములు బోర్డు మీద తప్ప ఎవరికీ ఎక్కడా కనపడలేదు. పొద్దున తలుపు తీయడం, బేరమాడటం, కిరాయికి పోయిన కప్పీలు వెనక్కి రప్పించడం రెబెక్క పని. బోర్డు తుడవడం కూడా.

ఆ రోజుల్లో ఇప్పుడు ఎల్‌బీనగర్ అంటున్న చోటంతా ద్రాక్షతోటలు. తోటకో బావి, బావికో మోటారు, మోటారు నుంచి నీళ్లలోకి దిగిన పైపు, ఆ పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా పట్టి ఉంచే వాల్వు. ఆ వాల్వులో ఏ గుడ్డపేలికో ఇరుక్కుంటే మోటారు ఎంత మొత్తుకున్నా చుక్క రాదు. దానియేలు ఊపిరి బిగబట్టి అడుగుకు పోయి దాన్ని సరిచేసి వచ్చేవాడు. ఎండాకాలం సరే. వానలకు బావులు నిండితే ఎంత మగాడి ఊపిరైనా అడుగుదాకా చాలదు. ఆ నెలల్లో వచ్చినవాళ్లను రెబెక్క “నీళ్లు దిగినంక రాండ్రి” అని తిప్పి పంపేది. అలా తిప్పి పంపిన ప్రతి బేరమూ పంట్లో ఇరుక్కున్న పీచులా ఆమెకు రోజంతా తగిలేది.

దానియేలు బావి నుంచి వచ్చి బురద తాళ్లు వాకిట్లో పడేసేవాడు. వాటిని కడిగి, ఎండలో తిప్పి తిప్పి ఆరబెట్టి, చుట్ట చుట్టడం ఆమె వంతు. తడిగా చుడితే తాడు లోపల కుళ్లుతుంది. పైకి బాగానే కనపడుతుంది, బరువు పడ్డ రోజు తెగుతుంది. అత్త రాములమ్మ అరుగు మీద కూర్చుని “ఆడు గంగల మునిగొస్తుంటె, నీకు తాడు కడుగుడే బరువాయెనా?” అనేది. బరువు కాదు. ఆ తాళ్లు ముక్కు దగ్గరికి వస్తే బావి అడుగు వాసన వచ్చేది. నాచూ చల్లటి రాయీ ఇంకేదో కలిసిన వాసన. చంటిపిల్ల తల వాసన చూసినట్టు ఆమె ఎవరూ చూడకుండా ఆ వాసన చూసేది. పెళ్లయిన కొత్తలో అడిగింది: “లోపట ఎట్లుంటది?”

“ఎట్లుంటది? నీళ్లుంటయి” అన్నాడు దానియేలు, అన్నం కలుపుకుంటూ.

తను వెళ్లాలని కలగనే చోటికి ఆ మనిషి వారానికి రెండుసార్లు వెళ్లి, అక్కణ్ణుంచి బురద తప్ప ఏమీ పట్టుకురాడు. బజారుకు పోయి వట్టి సంచితో వచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది. “నేనొక్కసారి దిగొస్తనయ్యా, ఈతొచ్చు నాకు” అంది.

అతను నవ్వాడు. “బావిల దిగిన ఆడోళ్లను మస్తుమందిని చూసిన. అందర్ని నేనే పైకి తీసిన.”

అది ఎకసెక్కం కాదు, నిజం. బావిలో శవం తేలితే పోలీసులు దానియేలు కోసమే కబురు పెట్టేవారు. రెబెక్క వెంట ఒక పాత దుప్పటి పట్టుకు వెళ్లేది. నీళ్లలో చీర ఊడిపోతుంది కదా, గట్టు మీద మగాళ్లు కళ్లు తిప్పుకోరు కదా. దుప్పటి తెమ్మని ఎవరూ చెప్పలేదు, తెచ్చినందుకు ఎవరూ ఏమీ అనలేదు. పెంటమ్మ అనే పిల్లను తీసినప్పుడు అత్తింటివాళ్లు “నీళ్లకొచ్చి కాలు జారింది” అన్నారు. గట్టు మీద బిందె లేదు. అది రెబెక్క చూసింది, ఇంకెవరూ చూడలేదు, చూసినా లెక్కలోకి తీసుకోలేదు. ఆడదానికి బావితో ఉన్న వ్యవహారమల్లా అయితే చేదుకోవడం, లేకపోతే దూకడం. దిగి, చూసి, మెట్లెక్కి ఇంటికి రావడమనేది ఒకటుంటుందని ఎవరికీ తట్టలేదు. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఆమె మళ్లీ అడగలేదు. అడగడం మానేసిన కోరిక చచ్చిపోతుందనుకుంటారు. అది తిండి లేకుండా కూడా పెరుగుతుంది.

పట్టాభి గురించి మొదట తెలిసింది ఆమెకే. విశాఖపట్నం హార్బరులో గాలి సిలిండర్ వీపున కట్టుకుని దిగే పని చేసినవాడు, డ్యాము కట్టుబడి పనికి ఇటు వచ్చి, కొత్తపేటలో ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. తాడు కోసం కొట్టుకు వచ్చేవాడు. ఆ వేసవిలో బడులు మూతబడ్డాయి, బస్సులు ఆగాయి, రోడ్డు మీద రోజూ ఊరేగింపులు. ఒకనాడు పట్టాభి గేటు మీద ఎవరో తారుతో ‘గోబ్యాక్’ అని రాసి పోయారు. దాంతో ఆయన భార్య వేదవతి ఇక ఉండలేనంది. సామాను కట్టుకుంటున్నారనీ, ఒక సిలిండరూ దాని తొడుగులూ, గాలి నింపే పాత ఇంజనూ అమ్మేసి పోతారనీ తెలిసింది.

“ఆంధ్రోళ్లు పోతున్నరు. జర ఆగితె పుక్యానికే ఇచ్చిపోతడు” అన్నాడు దానియేలు.

“పోయేటోని కాడ కొసరు అడుగొచ్చు గని గొంతు మీద కాలు పెట్టొద్దయ్యా” అంది రెబెక్క. “రేపు ఆ మర మొరాయిస్తె ఎవల్ని అడుగుతవ్? వానకాలం బేరాలన్ని మనయే అయితయి. పోదాం పా.”

పట్టాభి వరండాలో మూడు ఉక్కు సిలిండర్లు గోడకు ఆనించి ఉన్నాయి. పెద్దది, నడిమిది, పొట్టిది. ఆయన ఇచ్చేది ఒక్కటే, మిగతా రెండూ తనతో తీసుకుపోతాడు. ఏది కావాలో వాళ్లే తేల్చుకోవాలి. దానియేలు తిన్నగా పెద్దదాని దగ్గరికి పోయి, వేళ్లతో పుచ్చకాయను కొట్టి చూసినట్టు కొట్టి, ఒంటిచేత్తో పైకెత్తాడు. “గిదే. మొగోనికి గిదే సరి.”

“అలా కాదండీ దానియేలు గారూ” అన్నాడు పట్టాభి. “దీన్ని నీళ్లని బట్టి కొనరు. వీపుని బట్టీ, ఊపిరిని బట్టీ కొంటారు. పెద్దదాంట్లో గాలి ఎక్కువే, కాదనను. కానీ పొట్టి మనిషికి పొడుగుది కట్టారనుకోండి, పైన తలకాయకి తగుల్తుంది, కింద పిర్రలకి తగుల్తుంది. అడుగున వంగి పని చెయ్యలేడు. పైగా మీవి ఇరుకు బావులు. గాలి తక్కువ పీల్చేవాడికి చిన్నదే బోలెడు. గబగబా పీల్చేవాడికి పెద్దదైనా చాలదు. ఉక్కుది కాబట్టి దాని బరువుకదే మునుగుతుంది, నడుముకి సీసం బిళ్లలు మరీ ఎక్కువ కట్టక్కర్లేదు. ముందు దిగేది ఎవరో చెప్పండి.”

“నేనుండంగ ఇంకెవలు దిగుతరు సార్?”

రెబెక్కకు ఆ మాటలు కొత్తగా అనిపించలేదు. బిందె కొనేటప్పుడు ఏ ఆడదైనా చేసే పని అదే. ఎన్ని నీళ్లు పడతాయని చూడదు, నడుము మీద పెట్టుకుని నాలుగడుగులు వేస్తుంది. కూర్చుంటే కొంటుంది, కూర్చోకపోతే ఎంత మెరిసినా దించేస్తుంది. ఇద్దరు మగాళ్లూ ఇంజను చూడ్డానికి పెరట్లోకి పోగానే ఆమె పొట్టి సిలిండర్ ముందు చతికిలబడింది. వీపు దానికి ఆనించి, వెనక్కి చేతులు చాపి తడిమింది. పైకొస మెడ కిందికి వచ్చింది, అడుగు నడుము దగ్గర ఆగింది. తన కొలత తీసుకుని ఎవరో చేయించినట్టుంది. పెళ్లినాటి జాకెట్టు తర్వాత తన ఒంటికి కొలిచి చేయించిన వస్తువు ఆ ఇంట్లో ఒక్కటీ లేదు.

“సరిపోయిందా?” అన్న మాటకు ఉలిక్కిపడి లేచింది. గుమ్మంలో వేదవతి, చేతిలో సగం మడిచిన చీరతో.

“ఊకెనే చూసిన, అమ్మా.”

“నేనూ అలాగే కూర్చుని చూసుకునేదాన్ని” అంది వేదవతి. “అది నాకోసమే కొన్నారాయన. పెళ్లయిన ఏడు. భీమిలి దగ్గర సముద్రం లోపల చూపిస్తానని. మా అత్తగారు చూసి, ‘వంటింట్లో నీళ్లు చాల్లేదా తల్లీ నీకు’ అన్నారు. అంతే. ఆయన గట్టిగా ఒక్క మాట అంటే వెళ్లేదాన్నే. అనలేదు. నేనూ అనలేదు.” చీర మడత పూర్తి చేసి ట్రంకు పెట్టె మీద పెట్టింది. “ఆయన దిగినప్పుడల్లా గట్టు మీద నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చునేదాన్ని. పైకొచ్చాక ఆయనకి ఆకలేసేది.”

 పెయింటు మీద గీతైనా పడని ఆ సిలిండర్‌ను రెబెక్క కొంగుతో దుమ్ము తుడిచింది. ఆ పని మాత్రం ఎవరూ చెప్పకుండానే ఇద్దరికీ అలవాటు.

కొనేముందు దిగి చూడాలన్నాడు పట్టాభి. బందు లేని రోజు చూసుకుని చక్రపాణి అనే రైతు ద్రాక్షతోటకు వెళ్లారు. రెండు పెద్ద వానలకు ఆయన బావి అంచుదాకా నిండింది, తర్వాత వాన ముఖం చాటేసింది, మోటారు వాల్వు పట్టేసింది. కళ్లముందు నిండు బావి, పక్కనే వాడిపోతున్న తీగలు. చక్రపాణి గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ “ఎవలు దిగుతరో దిగుండ్రి బాబూ, నా తోట నిలబెట్టుండ్రి” అంటున్నాడు. రానని అనలేక వేదవతి కూడా వచ్చింది.

దానియేలు పెద్ద సిలిండర్ కట్టుకుని దిగాడు. నీళ్ల మీద బుడగలు రావాలి. రాలేదు. పట్టాభి గట్టు మీద వంగి చూస్తున్నవాడు గట్టిగా అరిచాడు: “ఊపిరి బిగబట్టేశాడండీ ఈయన!”

అవును మరి. ఇరవయ్యేళ్లుగా నీళ్లలోకి వెళ్లడమంటే ఊపిరి బిగబట్టడమే అతనికి. నోట్లో గాలి గొట్టం పెట్టుకుని, వీపున గాలి మూట కట్టుకుని, అడుగుకు పోతూ పాత విద్యే చేస్తున్నాడు. ఆగలేక ఒక్కసారి వదిలితే పెద్ద బుడగల గుంపు పైకి వచ్చింది. గబగబా పీల్చాడు, మళ్లీ బిగబట్టాడు. పైపుకూ రాతి గోడకూ మధ్య దూరబోతే పొడుగాటి సిలిండర్ అడ్డంగా ఇరుక్కుంది. గింజుకుని, వాల్వును ముట్టకుండానే పైకి వచ్చాడు. గాలి సగానికి పైగా అయిపోయింది. చెవి పట్టుకుని గట్టు మీద కూలబడి, “గిది సాలదు సార్. దీనికన్న పెద్దది లేదా?” అన్నాడు.

“మీకు పెద్దదిస్తే చావు కూడా పెద్దదే వస్తుంది” అన్నాడు పట్టాభి, అతని వీపు మీది పట్టీలు విప్పుతూ. “బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తులు చిట్లిపోతాయని లక్షసార్లు చెప్పాను కదండీ! మీకొచ్చిన విద్యే మీకు అడ్డం. ఏమీ రాని మనిషికి నేర్పొచ్చు. మీకు నేను అమ్మను. వెళ్తూ వెళ్తూ ఆ పాపం కట్టుకోలేను.”

దానియేలు తలకు తువ్వాలు చుట్టాడు. “అద్దు తియ్యి. ఇన్నొద్దులు గిది లేక సచ్చినమా? పా, ఇంటికి పోదాం.”

రెబెక్క కదల్లేదు. బేరం అక్కడితో ముగిసినట్టే. ఇప్పుడు లేచి వెంట నడిస్తే సాయంత్రానికి పొయ్యి ముందు ఉంటుంది, ఊదుగొట్టంతో తడి కట్టెలు ఊదుతూ ఉంటుంది. వానలు తగ్గాక తాళ్లు కడుగుతుంది. వేదవతి రైలెక్కుతుంది, పొట్టి సిలిండర్ ఆమెతోపాటే వెళ్లి ఇంకో గోడకు ఆనుకుంటుంది. ఎన్నో బేరాలు తెగగొట్టుకున్న మనిషి రెబెక్క. ఏది మళ్లీ వస్తుందో ఏది రాదో ఆమెకు తెలుసు. ఇది రాదు.

“సారూ, చిన్నది నాకియ్యుండ్రి” అంది. “నేను దిగుత.”

చక్రపాణి తిరగడం ఆపేశాడు. దానియేలు మొదట అర్థం కానట్టు చూసి, తర్వాత గొంతు తగ్గించి, “నలుగుట్ల నా ఇజ్జత్ తియ్యకే. నా పెండ్లం బావిల దిగిందంటె జనం ఏమంటరు?” అన్నాడు.

“ఏమంటరు? దానియేలు పెండ్లం బావిల నుంచి పైకొచ్చిందంటరు. జనానికి గూడ కొత్త ముచ్చట గావాలె గద.”

వేదవతి పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆపుకోలేక తీసేసింది. పట్టాభి పెళ్లాం వైపు చూశాడు. ఆమె నవ్వడం ఆయన చాలా రోజుల తర్వాత వింటున్నట్టుంది. “ఊపిరి ఎలా వదుల్తావో చూపించమ్మా” అన్నాడు రెబెక్కతో. ఆమె వదిలింది. ఊదుగొట్టంలో ఊదినట్టే, నిప్పు చెదరకుండా, పొగ కళ్లలోకి రాకుండా, సన్నగా పొడుగ్గా వదిలింది. అది ఎంతకీ అయిపోలేదు.

రాములమ్మ ఆ సాయంత్రం నుంచి కోడలి చేతి అన్నం తినలేదు, తనే వండుకుంది. “బావిల ఎవలన్న సావనీకి దిగుతరు, గీమె బతకనీకి దిగుతదట” అని వాకిలి వినేటట్టు అంది. ఒకరికి వంట తగ్గిందని రెబెక్క మనసులోనే మేలు ఖాతాలో వేసుకుంది. ఏసు సామి నీళ్ల మీద నడిచాడు గాని లోపలికి పోలేదు కదా అన్నాడు దానియేలు. ఆదివారం ప్రసంగంలో పాస్టరునే అడగమంది రెబెక్క. ఆమె నడుముకు కట్టే తాడు గట్టు మీద ఎవరు పట్టాలన్న దగ్గర మాత్రం అతను మొండికేశాడు.

“నువ్వు పట్టవంటె చక్రపాణి పాలేరును పట్టుమంట” అంది ఆమె, గోచీ పోసి చీర బిగించుకుంటూ. “ఎవలో ఒకలు పట్టాలె గద.”

పెళ్లాం నడుముకు కట్టిన తాడు ఇంకో మగాడి చేతిలో ఉండటం దానియేలుకు ఊహలో కూడా మింగుడుపడలేదు. తాడు తీసుకుని భుజాన వేసుకుని ముందు నడిచాడు.

పట్టాభి తన ప్రయాణాన్ని అందుకోసమే వాయిదా వేసుకుని ఆమెకు బావి మెట్ల మీద నేర్పాడు. మొదట మోకాళ్ల లోతు, తర్వాత మెడ లోతు. చెవులు మూసుకుపోతే ముక్కు పట్టుకుని ఊదమన్నాడు. పైకి వచ్చేటప్పుడు పాటలా గాలి వదులుతూ రమ్మన్నాడు. వేదవతి మెట్టు మీద కూర్చుని నీళ్లలో పాదాలు పెట్టుకుని చూసేది. తాను దిగనంది, అడిగితే. కానీ పట్టీలు బిగించేది ఆమే. రెబెక్క వీపు మీద ఉక్కును సర్ది, భుజం మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయడానికి కాస్త ఆలస్యం చేసేది. వాళ్లు పొట్టి సిలిండరూ ఇంజనూ ఆమెకే అమ్మి రైలెక్కిన మర్నాడే రెబెక్క అడుగుకు దిగింది.

మెట్లు అయిపోయిన చోట పచ్చటి వెలుగు మొదలైంది. వెలుగు నీళ్లలో నిలబడి ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పైన ఎండ అయినది ఇక్కడ ఆకులా ఉంది. రాతి సందుల్లోంచి చిన్న చేపలు వచ్చి ఈ కొత్త జంతువును చూసి పోయాయి. ఆమె ఊపిరి చెవుల్లో వినపడింది. రావడం, పోవడం. పదహారేళ్ల కాపురంలో తన ఊపిరి తనకు వినపడిన సందర్భం లేదు; ఎప్పుడూ ఎవరో పిలుస్తూనే ఉన్నారు. పైపు పట్టుకుని దిగింది. గోడకూ పైపుకూ మధ్య ఇరుకులో పొట్టి సిలిండర్ ఎక్కడా తగల్లేదు. వాల్వులో గోనెసంచి ముక్క ఇరుక్కుని ఉంది. కాసేపు పెనుగులాడి లాగేసింది. పని అయిపోయింది.

గాలి కొలిచే గడియారంలో ముల్లు చూసుకుంటే గాలి ఇంకా బాగానే ఉంది. తొందరపడని మనిషి కదా, తక్కువే ఖర్చయింది.

తాడు ఒక్కసారి కదిలింది. ‘బాగున్నవా’ అని దానికి అర్థం. తనూ ఒకసారి లాగింది. కాసేపటికి తాడు రెండుసార్లు కదిలింది. ‘పైకి రా’. ఆ తాడు కొసన దానియేలు మొహం ఎలా ఉండి ఉంటుందో ఆమెకు తెలుసు. గట్టు మీద ఊపిరి బిగబట్టి కూర్చోవడం ఇవాళ అతని వంతు. పాపమనిపించింది కూడా. మళ్లీ ఒక్కసారే లాగి, బావి అడుగున రాయి మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పైన రోడ్డు మీద ఊరేగింపు పోతుండవచ్చు. ఇంట్లో బడి లేని తన పిల్లలు ఆకలని ఇల్లు పీకుతుండవచ్చు. అత్త ఎవరికో తన సంగతి చెబుతుండవచ్చు. అవేవీ ఇక్కడిదాకా దిగలేదు. తలెత్తి చూస్తే గుండ్రటి ఆకాశం కదులుతూ కనిపించింది, తను వదిలిన బుడగలు వెండి గిన్నెల్లా బోర్లాపడి దాని వైపు పోతున్నాయి. ఎదురుచూసినంత కాలం ఆమె ఇది ఎలా ఉంటుందోనని ఎన్నో రకాలుగా ఊహించుకుంది. ఊహలన్నీ తక్కువ తూగాయి.

ఆ వానాకాలం ముగిసేసరికి లెక్క ఇలా తేలింది. చక్రపాణి తోట బతికింది. వానల్లో తిప్పి పంపిన బేరాలన్నీ కొట్టుకు వచ్చాయి. పేరు దానియేలుకే వచ్చింది, బోర్డు ఎవరూ మార్చలేదు. రెబెక్కకు దక్కింది ప్రతిసారీ పని పూర్తయ్యాక సిలిండర్‌లో మిగిలిన గాలి. దాన్ని ఆమె ఎవరికీ వండి పెట్టలేదు, ఎవరికీ వడ్డించలేదు. అడుగున కూర్చుని అంతా తనే పీల్చుకుంది.